అద్దె ఫ్లాట్‌లో పాత అక్వేరియం: రంగు చేపల రైతు దగ్గరుండి చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. ఆ తర్వాత హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ, నార్సింగి వరకు అపార్ట్‌మెంట్లు లేచాయి. వీటిలో అద్దెకు ఉండేవారు ఉద్యోగం మారినా, ఊరు మారినా ఇల్లు ఖాళీ చేస్తారు. మోసుకెళ్లలేక తక్కువ ధరకు వదిలించుకునే సామాన్లలో గాజు తొట్టి ఒకటి. అది పక్క టవర్‌లోనో, పక్క వీధిలోనో ఇంకో అద్దె ఇంటికి చేరుతుంది. కొన్నవారు అదే రోజు నీళ్లు నింపి, ఆ సాయంత్రమే చేపల కోసం ఫోన్ చేస్తారు.

మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, సంగారెడ్డి వైపు పెరటి తొట్లలో గప్పీ, మోలీ, ప్లేటీ వంటి రంగు చేపలు పెంచే చిన్న రైతుకు ఈ ఫోన్ కాల్ మంచి బేరంలాగే కనిపిస్తుంది. కానీ అక్కడే నష్టం మొదలవుతుంది. సిద్ధం కాని తొట్టిలో వేసిన చేపలు వారం పది రోజుల్లో చచ్చిపోతాయి. కొన్నవారు తొట్టిని తప్పు పట్టరు. "ఆ రైతు ఇచ్చిన చేపలు మంచివి కావు" అంటారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ మాట ఒకసారి పడితే, మళ్లీ ఆ గేటు లోపల బేరం దొరకదు. తొట్టి కారి కింది ఫ్లాట్ సీలింగ్ తడిస్తే గొడవ ఇంకా పెద్దది.

అందుకే రంగు చేపలు అమ్మే రైతు తొట్టి అమర్చడం కూడా తెలుసుకోవాలి. పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తూ అద్దెకు ఉంటున్న రైతు కుటుంబాలకూ ఈ విషయాలు పనికొస్తాయి. గుర్తుంచుకోవాల్సిన క్రమం ఇది: ముందు బరువు, తర్వాత లీకు, తర్వాత కరెంటు, తర్వాత నీరు, అన్నిటికన్నా చివర చేపలు.

కొనేముందు తొట్టిని ఎలా పరీక్షించాలి?

పాత తొట్టిని పగటి వెలుతురులోనే చూడాలి. అమ్మేవారి ఇంట్లో నీళ్లతో నడుస్తున్న తొట్టి అయితే మరీ మంచిది. ఈ కింది అంశాలను గమనించాలి.

- అద్దాల మూలల్లో ఉండే సిలికాన్ అతుకును వేలితో తడిమి చూడాలి. మెత్తగా, సాగే గుణంతో ఉంటే మంచిది. పసుపు రంగుకు మారి గట్టిపడినా, అంచులు లేచినా, లోపల గాలి బుడగలు కనిపించినా ఆ అతుకుకు ఆయుష్షు తీరినట్లే.
- అద్దం అంచుల్లో పెచ్చులు, మూలల నుంచి మొదలైన సన్నని పగుళ్లు ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా కొనకూడదు. నీటి ఒత్తిడికి పగులు పెరుగుతుంది. పైపై గీతలు ఉంటే ప్రమాదం లేదు.
- అద్దం మందం చూడాలి. 2 అడుగుల పొడవు, అడుగు ఎత్తు తొట్టికి 5 మిల్లీమీటర్లు, 3 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు తొట్టికి 8 మిల్లీమీటర్లు, అదే ఎత్తులో 4 అడుగుల తొట్టికి 10 మిల్లీమీటర్ల అద్దం ఉండటం మేలు.
- అమ్మేవారిని రెండు ప్రశ్నలు అడగాలి. తొట్టి ఎంతకాలంగా ఖాళీగా ఉంది? చివరగా ఉన్న చేపలు ఏమయ్యాయి? బతికున్న చేపలను ఎవరికైనా ఇచ్చేశారా, జబ్బు చేసి చచ్చిపోయాయా అన్నదాన్ని బట్టి శుభ్రం చేసే పద్ధతి మారుతుంది.

అతుకు పాడైన తొట్టి కొంటే, పాత సిలికాన్‌పై కొత్తది పూయడం వల్ల ఉపయోగం లేదు. పాతదానికి కొత్తది అంటుకోదు. బ్లేడుతో మొత్తం గీసి తీసేసి, అక్వేరియం కోసం అమ్మే సిలికాన్‌తో మళ్లీ అతికించాలి. బాత్రూమ్ టైల్స్‌కు వాడే బూజు నిరోధక సిలికాన్ వాడకూడదు. అందులోని మందు చేపలకు విషం. అతికించాక కనీసం రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనివ్వాలి.

బరువు లెక్క: తొట్టి ఎన్ని బస్తాలు?

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తులను అడుగుల్లో కొలిచి గుణించాలి. వచ్చిన సంఖ్యను 28.3తో గుణిస్తే ఎన్ని లీటర్లు పడతాయో తెలుస్తుంది. లీటరు నీటి బరువు ఒక కిలో. దానికి అద్దం, అడుగున వేసే రాళ్లు, స్టాండు బరువు కలపాలి.

ఉదాహరణకు:

- 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో 56 లీటర్లు పడతాయి. పైన కొంచెం ఖాళీ వదిలినా అన్నీ కలిపి 75 కిలోలు దాటుతుంది. అంటే ఒక నిండు ధాన్యం బస్తా.
- 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో 190 లీటర్లు పడతాయి. మొత్తం బరువు సుమారు 260 కిలోలు. అంటే మూడున్నర బస్తాలు.
- అదే కొలతలతో 4 అడుగుల పొడవైతే 255 లీటర్లు. మొత్తం సుమారు 350 కిలోలు. అంటే నాలుగున్నర బస్తాలకు పైనే.

నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల భారం, అంటే దాదాపు 200 కిలోలు మోసేలా లెక్కవేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. ఇది గది మొత్తం మీద పరిచిన భారం లెక్క. ఒక మూల కాస్త ఎక్కువ బరువు పడినంత మాత్రాన స్లాబు కూలిపోదు. కానీ 4 అడుగుల తొట్టి అర చదరపు మీటరు కాస్త దాటిన చోటులో 350 కిలోలు మోపుతుంది. అందువల్ల:

- అద్దె ఫ్లాట్‌కు 2 నుంచి 2.5 అడుగుల తొట్టి సరిపోతుంది. దానికి భయపడాల్సిన పనిలేదు.
- 3 అడుగుల తొట్టిని గది మధ్యలో కాకుండా గోడ వెంట, వీలైతే పిల్లర్ పక్కన పెట్టాలి. కింద బీమ్ ఉన్న గోడ అయితే ఇంకా మంచిది.
- 4 అడుగులు, అంతకు మించిన తొట్టి పెట్టాలంటే ఇంటి యజమానితో మాట్లాడి, ఇంజనీరును అడిగాకే పెట్టాలి.

టీవీ స్టాండు, పుస్తకాల అర, చెక్క పొడితో చేసిన బోర్డు బల్లల మీద తొట్టి పెట్టకూడదు. ఆ బోర్డు తడికి ఉబ్బి ఒకవైపు కుంగుతుంది. తొట్టి కొలతకు తగిన ఇనుప స్టాండే వాడాలి. స్టాండు నాలుగు కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెడితే టైల్స్ పగలవు, గీతలు పడవు. మేస్త్రీలు వాడే రసమట్టంతో స్టాండు సమంగా ఉందో లేదో చూడాలి. దుక్కి మడిలో నీరు ఒకవైపుకే లాగినట్టు, వంకరగా ఉన్న తొట్టిలో భారమంతా ఒక అతుకు మీదే పడుతుంది. స్టాండుకూ తొట్టికీ మధ్య సుమారు సెంటీమీటరు మందం ఉన్న థర్మాకోల్ షీటు పరచాలి.

యజమాని అనుమతి ముందే తీసుకోవాలి

తొట్టి కారితే నష్టపోయేది అద్దెకున్నవారు ఒక్కరే కాదు. ఇంటి యజమాని, కింది ఫ్లాట్‌వారు కూడా. అందుకే తొట్టి కొనకముందే యజమానికి తొట్టి పొడవు, బరువు చెప్పి అనుమతి తీసుకోవాలి. నోటి మాట కాకుండా వాట్సాప్ సందేశంగా ఉంటే మంచిది. అద్దె ఒప్పందం రాసుకునే సమయమైతే అందులోనే ఒక వాక్యం రాయించుకోవాలి. అపార్ట్‌మెంట్ సంఘం నియమాలను కూడా ఒకసారి అడగాలి. తొట్టి పెట్టబోయే చోట నేల, గోడ, స్విచ్ బోర్డు ఫొటోలు తీసి ఉంచాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర పేచీ రాకుండా ఈ ఫొటోలు కాపాడతాయి.

మీరు చేపలు అమ్మే రైతు అయితే ఈ మాట కొనేవారికి మీరే గుర్తుచేయాలి. ఒక నిమిషం పని, తర్వాత పెద్ద తగవును తప్పిస్తుంది.

తొట్టి తరలింపు, లీకు పరీక్ష

తొట్టిని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసే మోయాలి. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు, రాళ్లు ఉన్నా సరే, ఎత్తినప్పుడు అడుగు అద్దం మీద భారం పడి అతుకు వీడుతుంది. ఇద్దరు మనుషులు అడుగు భాగాన్ని పట్టుకుని ఎత్తాలి. పై అంచు పట్టుకుని ఎత్తకూడదు. ఆటో ట్రాలీలో థర్మాకోల్ లేదా పాత పరుపు మీద నిలువుగా పెట్టి, చుట్టూ దుప్పటి కట్టాలి.

అమ్మినవారి ఇంట్లో కారకపోయినా, కుదుపులకు అతుకు వీడి ఉండవచ్చు. కాబట్టి కొత్త ఇంటికి చేరాక మళ్లీ పరీక్షించాలి. పరీక్షను హాల్లో కాకుండా నీరు పోయే దారి ఉన్న బాత్రూమ్ లేదా యుటిలిటీ దగ్గర చేయాలి.

1. సమంగా ఉన్న నేల మీద థర్మాకోల్, దానిపై పొడి న్యూస్‌పేపర్ పరచి తొట్టిని పెట్టాలి.
2. మూడో వంతు నీళ్లు పోసి గంట ఆగాలి. తర్వాత మూడింట రెండు వంతులు నింపి మరో గంట చూడాలి. ఆ తర్వాత పూర్తిగా నింపాలి.
3. నిండిన తొట్టిని 48 గంటలు కదపకుండా వదిలేయాలి.
4. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టాలి. ఎండాకాలంలో కాస్త నీరు ఆవిరై మట్టం తగ్గడం మామూలే. కానీ పేపరు ఎక్కడైనా తడిస్తే అది లీకే.

లీకున్న తొట్టికి బయటి నుంచి ఎంసీల్ పూసి సరిపెట్టుకోవద్దు. లోపలి అతుకు మొత్తం కొత్తగా వేయాల్సిందే.

శుభ్రం చేసే పద్ధతి

సబ్బు, గిన్నెలు తోమే పౌడర్, డిటర్జెంట్ ఏదీ వాడకూడదు. వాటి అంశ అతుకుల్లో నిలిచి చేపలను చంపుతుంది. అద్దం మీద తెల్లగా పేరుకున్న ఉప్పు గీతలకు వెనిగర్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే చాలు. తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి.

పాత చేపలు జబ్బుతో చనిపోయాయని తెలిసినా, తొట్టి చరిత్ర తెలియకపోయినా క్రిమి రహితం చేయాలి. 10 లీటర్ల నీటికి ఒక చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేటనీటితో తొట్టిని, పైపులను, వలలను తడిపి గంట ఉంచాలి. తర్వాత నాలుగైదు సార్లు కడిగి రెండు రోజులు ఎండబెట్టాలి. ఆ తొట్టిలోని పాత రాళ్లు, స్పాంజి పారేసి కొత్తవి వేసుకోవాలి.

హెచ్చరిక: వెనిగర్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకూడదు. రెండూ కలిస్తే విషపూరిత క్లోరిన్ వాయువు వస్తుంది. మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడాల్సి వస్తే మధ్యలో పూర్తిగా కడిగి, కిటికీ తెరిచి ఉంచాలి.

పాత చేపలు ఆఖరు రోజు వరకు ఆరోగ్యంగా ఉంటే మాత్రం ఫిల్టరులోని స్పాంజిని కడగవద్దు. ఆ తొట్టి నీటిలోనే బకెట్‌లో ముంచి, ఎండిపోకుండా కొద్ది గంటల్లో కొత్త ఇంటికి చేర్చి ఫిల్టరును నడపాలి. అలాంటప్పుడు లీకు పరీక్ష జరిగే రెండు రోజులు స్పాంజి ఉన్న బకెట్‌లోనే గాలి పంపు పెట్టి నడపాలి. ఎందుకో నీటి విభాగంలో చూద్దాం.

కరెంటు జాగ్రత్తలు

బోరు మోటారు స్టార్టరు దగ్గర తడి చేతులతో నిలబడితే ఏమవుతుందో రైతుకు చెప్పాల్సిన పనిలేదు. అక్వేరియం కూడా అంతే. నీరు, కరెంటు ఒకే చోట ఉంటాయి.

- పాత తొట్టితో వచ్చే హీటరు, పంపు, లైటు వైర్లను అంగుళం అంగుళం చూడాలి. ఇన్సులేషన్ పగిలినా, టేపు చుట్టి ఉన్నా, హీటరు గాజు గొట్టం లోపల తేమ కనిపించినా పారేయాలి. హీటరు కొత్తది కొనడమే మేలు.
- ఫ్లాట్ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే ట్రిప్ కావాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవాలి.
- తొట్టిని స్విచ్ బోర్డు కింద కానీ, ప్లగ్గుకు మరీ దగ్గరగా కానీ పెట్టకూడదు. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా వంపు వదలాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి చేరదు.
- తొట్టిలో చేయి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీసేయాలి. నీరు మార్చేటప్పుడు హీటరు ఆపి 15 నిమిషాలు ఆగాలి. వేడి హీటరు నీటి బయట ఉంటే గాజు పగులుతుంది.
- గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేదా పైపులో నీరు వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు బిగించాలి. లేకుంటే కరెంటు పోయినప్పుడు నీరు గాలి పైపు గుండా వెనక్కి లాగి, ఇంట్లో ఎవరూ లేని సమయంలో నేలంతా పారుతుంది. ఫ్లాట్లలో ఇది తరచూ పట్టించుకోని ప్రమాదం.

నీరు: నల్లా, బోరు, ట్యాంకర్

ఐటీ కారిడార్‌లోని చాలా అపార్ట్‌మెంట్లలో జలమండలి నీరు, బోరు నీరు, ట్యాంకర్ నీరు ఒకే సంపులో కలుస్తాయి. ఎండాకాలంలో ట్యాంకర్ల వాటా పెరుగుతుంది. కాబట్టి మొన్నటి నీరు, ఈరోజు నీరు ఒకటి కాకపోవచ్చు.

జలమండలి నీటిలో క్లోరిన్ ఉంటుంది. మనకు మేలు చేసే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది. నీటిని వెడల్పాటి టబ్బులో పట్టి, గాలి పంపు పెట్టి 24 గంటలు ఉంచాలి. తొందరగా కావాలంటే యాంటీ క్లోరిన్ ద్రావణాన్ని సీసా మీద రాసిన మోతాదులో వేయాలి. ఇంకో సంగతి: అపార్ట్‌మెంట్ సంపును, పై ట్యాంకును బ్లీచింగ్ పౌడర్‌తో కడుగుతుంటారు. నీరు మార్చే ముందు వాచ్‌మన్‌ను "ఈ వారం ట్యాంకు కడిగారా?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. కడిగి ఉంటే రెండు మూడు రోజులు ఆగాలి.

బోరు నీరు సాధారణంగా కఠినంగా, ఉదజని సూచిక ఎక్కువగా ఉంటుంది. ఈ నీటిని మార్చే ప్రయత్నం కంటే, ఈ నీటికి తగిన చేపలను ఎంచుకోవడం తేలిక. ఆర్‌ఓ నీరు ఒక్కటే పోయకూడదు. అందులో చేపకు కావలసిన లవణాలు ఉండవు.

తొట్టి మాగాలి: మడిలో యూరియా, తొట్టిలో అమ్మోనియా

పొలంలో యూరియా వేస్తే అది ముందు అమ్మోనియాగా మారుతుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. పైరు ఎక్కువగా తీసుకునేది ఆ నైట్రేట్‌నే. అక్వేరియంలోనూ జరిగేది ఇదే. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషం. నైట్రేట్ కొంతవరకు హాని చేయదు. తేడా ఏమిటంటే, నేలలో ఆ సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. కడిగిన తొట్టిలో, కొత్త స్పాంజిలో ఉండవు. అవి పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో అమ్మోనియాలో ఒక శాతం కంటే తక్కువే విష రూపంలో ఉంటుంది. సూచిక 8 అయితే అది 5 శాతానికి పెరుగుతుంది. 8.5 అయితే 15 శాతం వరకు వెళుతుంది. అందుకే బోరు నీరు పోసిన కొత్త తొట్టిలో చేపలు త్వరగా చచ్చిపోతాయి. నీరు అద్దంలా తేటగా ఉన్నా విషం కంటికి కనిపించదు.

తొట్టిని మాగబెట్టే పద్ధతి:

- చేపలు లేకుండా నీరు నింపి, ఫిల్టరు, గాలి పంపు రాత్రింబవళ్లు నడపాలి.
- రోజూ చిటికెడు చేపల మేత వేయాలి. అది కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఈ పనికి పొలంలో వేసే యూరియా వేయకూడదు.
- అక్వేరియం దుకాణాల్లో దొరికే పరీక్ష కిట్‌తో వారానికి రెండుసార్లు నీటిని చూడాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపిస్తే తొట్టి సిద్ధమైనట్లు.
- ఆ తర్వాత పావు వంతుకు పైగా నీరు మార్చి, మొదట మూడు నాలుగు చేపలే వేయాలి. రెండు వారాలు చూసి మిగతావి వేయాలి.

ఇక్కడే రైతుకు ఒక సౌకర్యం ఉంది. మీ పెంపకం తొట్లలో నెలల తరబడి నడుస్తున్న స్పాంజి ఫిల్టర్లలో ఈ సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి. జబ్బులు లేని తొట్టి నుంచి ఒక స్పాంజిని తడిగా తెచ్చి కొత్త తొట్టిలో పెడితే, పాలకు తోడు వేసినట్టే. ఆరు వారాల పని బాగా తగ్గుతుంది. అయినా కిట్‌తో పరీక్షించాకే చేపలు ఇవ్వాలి. ఇందుకోసం నాలుగైదు స్పాంజిలను మీ తొట్లలో ఎప్పుడూ అదనంగా నడుపుతూ ఉండండి. ఇంటికి తీసుకెళ్లిన స్పాంజిని తిరిగి మీ తొట్టిలో వేయవద్దు. జబ్బులు వెంట వస్తాయి.

ఏ చేపలు, ఎన్ని?

ఐటీ కారిడార్ నీటికి గప్పీ, మోలీ, ప్లేటీ, స్వార్డ్‌టెయిల్ బాగా సరిపోతాయి. ఇవి పిల్లలను పెట్టే చేపలు, కఠిన జలాన్ని తట్టుకుంటాయి. చిన్న రైతు పెరట్లో తేలికగా పెంచగలిగేవీ ఇవే. 2 అడుగుల తొట్టిలో 8 నుంచి 10 చిన్న చేపలకు మించి వేయవద్దు. పిల్లలు పుట్టి త్వరగా పెరిగే రకాలు కాబట్టి, ఒకే లింగం చేపలు అడిగితే విడదీసి ఇవ్వండి.

గోల్డ్‌ఫిష్, ఆస్కార్, సక్కర్ చేపలను 2 అడుగుల తొట్టికి అమ్మవద్దు. "అద్దం శుభ్రం చేస్తుంది" అని అమ్మే సక్కర్ పిల్ల అడుగుకు పైగా పెరుగుతుంది. ఇంట్లో పట్టక దాన్ని చెరువులో వదిలేస్తారు. అది గట్లలో బొరియలు చేస్తుంది, వలలు చింపుతుంది, తిండి కోసం మన చేపలతో పోటీపడుతుంది. మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అంటున్నది ఊరికే కాదు. దుర్గం చెరువైనా, గండిపేటైనా, మీ ఊరి కుంటైనా అక్వేరియం చేపను వదలకూడదు. "ఇల్లు మారేటప్పుడు చేపలను నేనే తిరిగి తీసుకెళ్తాను" అని అమ్మేటప్పుడే చెప్పండి. అలా తెచ్చిన చేపలను మిగతావాటితో కలపకుండా మూడు నాలుగు వారాలు వేరు తొట్టిలో ఉంచాలి.

చేపలను చేర్చే రోజు

రవాణాకు ముందు 24 గంటలు మేత ఆపాలి. సంచిలో మూడో వంతు నీరు, మిగతాది ఆక్సిజన్ నింపి, ఎండ, ట్రాఫిక్ పెరగకముందే ఉదయాన్నే బయలుదేరాలి. ఇంటికి చేరాక సంచిని 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనివ్వాలి. తర్వాత పావుగంటకోసారి కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో కలపాలి. గంట తర్వాత చేపలను వలతో పట్టి తొట్టిలో వేయాలి. సంచిలోని నీరు తొట్టిలో పోయకూడదు.

కొనేవారికి చెప్పి రావాల్సిన మాటలు

- మేత రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయాలి.
- వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. ఆ నీరు బాల్కనీ మొక్కలకు పోస్తే మంచి ఎరువు. మందు, ఉప్పు వేసిన నీరు మాత్రం పోయవద్దు.
- స్పాంజిని నల్లా కింద కడగవద్దు. తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి.
- ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర తొట్టి పెడితే నాచు పడుతుంది, ఎండాకాలంలో నీరు వేడెక్కుతుంది. నీరు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి పంపు ఆపకూడదు. ఐస్ ముక్కలు ఒక్కసారిగా వేయవద్దు.
- డిసెంబరు, జనవరి రాత్రుల్లో 2 అడుగుల తొట్టికి 50 వాట్ల హీటరు సరిపోతుంది.
- సంక్రాంతికి మూడు నాలుగు రోజులు ఊరెళితే మేత అక్కర్లేదు. పక్కింటివారికి డబ్బా ఇచ్చి వెళితే ఎక్కువ వేసి నీరు పాడుచేస్తారు.

ముగింపు

తొట్టి అమర్చిన రోజే చేపలు అడిగితే "నెల ఆగండి, నేనే తెచ్చి వేస్తాను" అని చెప్పడానికి మొహమాటపడవద్దు. ఆ రోజు బేరం పోయినట్టు అనిపించవచ్చు. కానీ బతికిన చేపే మీకు మళ్లీ బేరం తెస్తుంది. రంగు చేపలకు పేరున్న చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వ్యాపారులకు లేని ఒక వెసులుబాటు మీకుంది. మీరు గంట ప్రయాణంలో ఉన్నారు. ఇదే నీటికి అలవాటైన చేపను ఇచ్చి, మళ్లీ వెళ్లి చూసి రాగలరు.

పెరటి స్థాయిలో రంగు చేపల పెంపకానికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో 3 లక్షల రూపాయల యూనిట్ వ్యయంతో పథకం ఉంది. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం రాయితీగా నిర్ణయించారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం కూడా హైదరాబాద్‌లోనే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది. ఇతర సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేయవచ్చు.